విత్తనం వేయాలా, నారు తెచ్చి నాటాలా?

పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు పెంచుకుందామనుకునే వాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. విత్తనమైతే ఆలస్యం, నారైతే ఖర్చు అన్న సంగతి అందరికీ తెలిసిందే. నేను మాత్రం ఆ రెండిటికంటే ముందు ఇంకొకటి చూస్తాను. వేరు కదిలిస్తే ఆ మొక్క ఓర్చుకుంటుందా, లేదా? అది తేలితే ఆ మొక్కకి విత్తనమో నారో చాలావరకు తేలిపోయినట్టే.

ఈ మధ్య కీర దోస విషయంలో దీన్ని మళ్లీ కళ్లారా చూశాను. ఒకే మడిలో ఒక పక్క మూడేసి ఆకులున్న నారు నాటి, అదే రోజు రెండో పక్క విత్తనాలు పెట్టాను. ట్రేలోంచి తీస్తుండగా ఒక మొక్క మట్టిగడ్డ నా చేతిలోనే చిట్లింది. తెల్లటి వేళ్లు గడి గోడ వెంబడి గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఎంత మెల్లగా పట్టుకున్నా నాలుగైదు దారాల్లా పుటుక్కున తెగాయి. ఆ మొక్కే కాదు, గడ్డ చెదరకుండా నాటిన మిగతావి కూడా పది రోజులపాటు కొత్త ఆకు వేయలేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఉన్న ఆకులు వాలిపోయేవి. విత్తనాలు అయిదో రోజున మొలిచాయి. నెల తిరిగేసరికి రెండు పక్కలా తీగలు సమానమయ్యాయి, పూత ముందు పట్టింది మాత్రం విత్తనం పక్కనే.

కారణం వేరు కొసల్లో ఉంది. నీళ్లు ఎక్కువగా తాగేది లావుపాటి వేళ్లు కావు. కొసల దగ్గర కంటికి ఆనీ ఆనని నూగు ఉంటుంది, ఆ పని దానిది. నాటేటప్పుడు ముందు పోయేది ఆ నూగే. ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. కింద రాబడి తగ్గి పైన ఖర్చు తగ్గకపోతే మొక్క వడలిపోక ఏం చేస్తుంది? కొన్ని మొక్కలు రెండు రోజుల్లో కొత్త వేళ్లు తొడిగి తేరుకుంటాయి. దోస, గుమ్మడి, బీర, చిక్కుడు, బెండ అంత సులువుగా తేరుకోవు. పైగా వీటి గింజలు పెద్దవి, మొలకకి కావలసిన తిండి వాటిలోనే ఉంటుంది. మట్టి వెచ్చగా ఉంటే వారంలో పైకొస్తాయి. బెండ గింజ తోలు గట్టిది కాబట్టి ఒక రాత్రి నీళ్లలో నానబెడితే చాలు. వీటికి నారు కొనడం నాకు ఎప్పుడూ అనవసరంగానే అనిపిస్తుంది.

ముల్లంగి, క్యారెట్‌ల సంగతి మరీ స్పష్టం. మనకి కావలసిందే తల్లివేరు. నాటేటప్పుడు దాని కొస విరిగితే గడ్డ రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. నేరుగా మడిలో చల్లి, మొలిచాక ఒత్తుగా ఉన్నవి పీకేయడం ఒక్కటే దారి.

కొత్తిమీర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది చిన్న కుండీలో ఏపుగా ఉన్న కొత్తిమీర తెచ్చి, పెద్ద తొట్టిలోకి మార్చి, పది రోజుల్లో పూతకొచ్చిందని బాధపడుతుంటారు. దీనిదీ లోతుకు పోయే తల్లివేరే. వేరు దెబ్బతిన్నా, ఎండ ముదిరినా ఆకు పెట్టడం మానేసి పువ్వు ఎత్తుతుంది. ధనియం ఒక గింజలా కనిపిస్తుంది గానీ లోపల రెండు విత్తనాలుంటాయి. అరచేతుల మధ్య మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఇక కదిలించకుండా ఉంచే చోటే చల్లండి. మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఈలోగా మట్టి ఆరనివ్వకండి. పదిహేను రోజులకోసారి గుప్పెడు చల్లుకుంటే ఆకు తెగకుండా దొరుకుతుంది.

ఇక టమాటా, వంగ, మిరప. ఇక్కడ నేను నారు వైపే. ఈ మూడూ కదిలిస్తే ఓర్చుకుంటాయి. టమాటా అయితే మేలే పొందుతుంది. కాండాన్ని దగ్గరగా చూడండి, కింది భాగంలో సన్నటి బుడిపెలు కనిపిస్తాయి. అడుగు ఆకులు తుంచి కాండాన్ని లోతుగా పూడ్చితే మట్టిలోకి పోయిన ఆ భాగమంతా వేళ్లు తొడుగుతుంది. మిరప మొలవడానికే రెండు వారాలు పట్టవచ్చు, నాటే వయసుకి రావడానికి ఇంకో నెల. చిన్న మడిలో అన్నాళ్లు జాగా ఆపి కూర్చోవడం దండగ.

అయితే నారంటే కొన్నదే కానక్కర్లేదు. నాకు వీలైనప్పుడల్లా ఒక వెడల్పాటి పళ్లెంలో నేనే నారు పోస్తాను. ఏ రకమో తెలుస్తుంది, వేరు ఇరుకున పడకముందే తీసి నాటగలను. పలుచగా చల్లి, గాలీ వెలుతురూ తగిలేలా ఉంచి, నీళ్లు మితంగా పెట్టాలి. లేకపోతే నారుకుళ్లు వచ్చి మొలకలు మొదలు దగ్గర సన్నబడి పక్కకి ఒరిగిపోతాయి. కొనేటట్టయితే పొడుగ్గా ఉన్నదాన్ని, అప్పుడే పూత పట్టినదాన్ని ముట్టుకోకండి. అది ముదిరిన నారు. పొట్టిగా, కాండం గట్టిగా ఉన్నదే తీసుకుని సాయంత్రం పూట నాటండి.

తులసి రెండు విధాలా వస్తుంది, ఏదైనా పర్లేదు. పుదీనాకి ఈ ప్రశ్నే లేదు, కొమ్మ గుచ్చితే చాలు.

కాలం సగం గడిచిపోయింది, ఇప్పుడేం చేయాలి అని అడిగేవాళ్లకి కూడా నా జవాబు మారదు. ఈ రోజు టమాటా నారు తెచ్చుకోండి. దాన్ని నాటిన చేత్తోనే పక్క మడిలో చిక్కుడు గింజలు, ధనియాలు వేసేయండి.