టిక్కుమని ఎగిరే పురుగుకు పది రెట్ల క్లిప్ లెన్స్ చాలు

మే వానలు పడగానే బెంగళూరు అపార్ట్‌మెంట్ల బాల్కనీ లైట్ల కింద సన్నగా, పొడుగ్గా ఉండే గోధుమరంగు పెంకు పురుగులు కనిపిస్తుంటాయి. వెల్లకిలా పడితే టిక్కుమంటూ గాల్లోకి లేస్తాయి. అవే క్లిక్ బీటిల్స్. కుట్టవు, ఇంట్లో సామాను పాడుచేయవు. వాటిని సరిగ్గా పోల్చుకోవడానికి ఫోనుకు తగిలించే పది రెట్ల మాక్రో లెన్స్ నిజంగా పనికొస్తుంది. అయితే వాడే పద్ధతి తెలియాలి.

పైనుంచి తీసిన ఫొటో ఒక్కటే చాలదు. తలకూ రెక్కల పెంకులకూ మధ్యనున్న పలక వెనక మూలలు రెండూ ముల్లులా వెనక్కి సాగి ఉండాలి. అసలు రుజువు పొట్టవైపు ఉంటుంది. ముందు కాళ్ల మధ్య నుంచి ఒక ముల్లు వెనక్కి వచ్చి, ఎదురుగా ఉన్న గుంట అంచున ఆగుతుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా జారి లోపలికి దిగినప్పుడే ఆ టిక్కు. ఈ లెన్స్‌లో ముల్లూ గుంటా రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. మెరిసే జ్యువెల్ బీటిల్ ఆకారం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది కానీ, దాని పలక రెక్కలకు బిగుసుకుపోయి కదలదు. రెక్కల మొదట్లో ఉండే చిన్న త్రికోణం హృదయాకారంలో ఉంటే అది కార్డియోఫోరస్ అనే రకం క్లిక్ బీటిలో, దాని దగ్గరి బంధువో అనుకోవచ్చు.

ఫొటో తీయడానికి పురుగును అడుగు పారదర్శకంగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టి ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. మందగించాక పైనుంచి, పక్కనుంచి, తర్వాత డబ్బా అడుగు గుండా పొట్టవైపు తీయండి. లెన్స్‌కూ పురుగుకూ మధ్య దూరం రెండున్నర సెంటీమీటర్లు. జూమ్ చేయకుండా ఫోన్‌నే ముందుకూ వెనక్కూ జరపాలి. ఫ్లాష్ వేస్తే పెంకు మీద తెల్లటి మెరుపు పడి గీతలన్నీ పోతాయి, కిటికీ వెలుతురు మేలు.

ఎక్కువమందికి బొమ్మ మసకగా రావడానికి కారణం లెన్స్ కాదు. చాలా ఫోన్లు వస్తువు దగ్గరైతే వాటంతటవే అల్ట్రావైడ్ కెమెరాకు మారిపోతాయి. క్లిప్ మాత్రం మెయిన్ కెమెరా మీద ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆటో మాక్రో ఆపేయండి. మందపాటి కవరుంటే క్లిప్ సరిగ్గా కూర్చోక మూలలు నల్లబడతాయి, కవరు తీసేయాలి. కొనేముందు రూపాయి నాణెం మీద పరీక్షించండి; బొమ్మ అంచుల్లోని అక్షరాలు మరీ అలుక్కుపోతే ఆ లెన్స్ వద్దు. ఇరవై అయిదు రెట్ల లెన్స్ జోలికి పోకండి, అందులో మీసం మీద ఫోకస్ చేస్తే కళ్లు మసకవుతాయి.

ఆ ఫొటోలు జీవుల్ని పోల్చిచెప్పే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే సాధారణంగా కుటుంబం వరకూ, కొన్నిసార్లు ప్రజాతి (జీనస్) వరకూ తెలుస్తుంది. జాతి (స్పీషీస్) దాకా వెళ్లాలంటే చాలావాటికి లోపలి భాగాలు విప్పి చూడాలి, ఏ ఫొటో చాలదు.

కుండీ మట్టిలో దొరికే గట్టి, పసుపురంగు తీగలాంటి పిల్లపురుగులకూ ఈ లెన్సే పెట్టండి. ముందువైపు మూడు జతల పొట్టి కాళ్లుంటే వైర్‌వార్మ్, అంటే క్లిక్ బీటిల్ పిల్లపురుగు కావచ్చు. శరీరం పొడవునా కాళ్లుంటే అది రోకలిబండో, జెర్రో. వైర్‌వార్మ్‌లన్నీ వేళ్లు తినవు, కొన్ని ఇతర పురుగుల్ని తింటాయి. మొక్క వాడిపోతుంటే తప్ప మందు పోయకండి.