ఆరేళ్లుగా రాస్తున్నా, ఆ మొదటి రివర్ట్ మర్చిపోలేదు

ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం వికీపీడియాలో ఆరేళ్లుగా రాస్తున్నాను. అది ఏమిటో, ఖాతా ఎలా తెరవాలో అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: కొత్తవాళ్ల మార్పుల్ని కారణం చెప్పకుండా తీసేసి పాత రూపానికి తిప్పేయడం, అంటే రివర్ట్ చేయడం.

నా మొదటి దిద్దుబాటు శుక్రగ్రహం వ్యాసంలో. శుక్రుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి మన లెక్కలో 225 రోజులు, తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు పడుతుంది. వ్యాసంలో ఈ రెండూ తారుమారై ఉన్నాయి. వాటిని అటుదిటు మార్చి సేవ్ చేసి ఎంత సంబరపడ్డానో! అయిదు నిమిషాలైనా కాలేదు, పాత అంకెలే మళ్లీ వచ్చి కూర్చున్నాయి. ఇతరులు నాకు సందేశాలు పెట్టే నా చర్చ పేజీలో ఒక రెడీమేడ్ సందేశం. నా మార్పు పనికొచ్చేది కాదని ఉంది, ఎందుకు కాదో లేదు. మళ్లీ మార్చాను. మళ్లీ తీసేశారు, ఈసారి ఖాతా నిరోధిస్తామన్న హెచ్చరికతో. తప్పు తప్పుగానే ఉంది, సరిచేసిన నేను దొంగనయ్యాను. ఆ రాత్రి లాగౌట్ అయినదాన్ని మూడు నెలలు అటువైపు చూడలేదు.

తిరిగి వెళ్లేసరికి మరో వాడుకరి నాకోసం ఒక వాక్యం రాసి పెట్టారు: ఈ అంకెలు ఎక్కడ చూశారండీ, మూలం జతచేస్తే నిలుస్తాయి అని. నాసా పేజీని మూలంగా ఇచ్చి మార్చాను. ఈరోజుకీ ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఇటీవలి మార్పుల జాబితా నేనూ చూస్తుంటాను. 225 తీసి 243 పెడితే అక్కడ బైట్ల తేడా, అంటే వ్యాసం పరిమాణంలో మార్పు, సున్నా అని కనిపిస్తుంది. కొత్త ఖాతా, ఏం మార్చారో ఎందుకో రాసే సారాంశం ఖాళీ, మూలం లేదు. కావాలని అంకెలు చెడగొట్టేవాళ్ల పని కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అది చూశాక నా కోపం సగం తగ్గింది. మిగతా సగం తగ్గలేదు. 'మూలం ఇవ్వండి' అని సారాంశంలో రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఇంగ్లీషు వికీపీడియాలో 2007 తర్వాత చురుగ్గా రాసేవాళ్లు తగ్గిపోవడానికి, కొత్తవాళ్ల మంచి మార్పులు కూడా తిరస్కరణకు గురవడం ఒక కారణమని 2013లో ఒక పరిశోధన చెప్పింది. అది చదువుతుంటే నాకు ఆ మూడు నెలలే గుర్తొచ్చాయి.

పాత మార్పులన్నీ దాచి ఉంచే పేజీ చరిత్రలో ఏదీ పోదని ఒకప్పుడు అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. నిజమే, నా మొదటి మార్పు కూడా అక్కడ భద్రంగా ఉంది. కాకపోతే చరిత్ర అనే ట్యాబ్ ఒకటుందని తెలియని కొత్తవాళ్లకు రాసింది పోయినట్టే కదా.

నాకు సాయంత్రాలు ఖాళీ, పట్టుదల కూడా ఎక్కువే, కాబట్టి నిలబడ్డాను. నాలాంటి వీలున్నవాళ్లను తప్పకుండా రమ్మంటాను, మూలం చేతిలో పెట్టుకుని. వారానికి అరగంట మాత్రమే దొరికేవాళ్లయితే ముందు వ్యాసం చర్చ పేజీలో అడిగి చూడండి. జవాబుకు కొన్ని రోజులు పట్టొచ్చు, రాసేవాళ్లు తక్కువున్న భాషల్లో ఇంకా ఎక్కువే.