వైరా, ట్రిగ్గరా, స్లేవా? ఫ్లాష్ పడనప్పుడే తెలుస్తుంది

హనుమకొండ, కాజీపేట వైపు కొత్తగా పోర్ట్రెయిట్లు మొదలుపెట్టిన తమ్ముళ్లు తరచూ అడిగేది ఒకటే: "అన్నా, ఫ్లాష్ స్టాండ్ మీద పెట్టాలంటే సింక్ వైరు కొనాలా, రేడియో ట్రిగ్గరా, స్లేవ్ మోడ్ సరిపోతుందా?" సింక్ వైరు కెమెరాను ఫ్లాష్‌తో తీగతో కలుపుతుంది, రేడియో ట్రిగ్గర్ అదే పని రేడియో సిగ్నల్‌తో చేస్తుంది, స్లేవ్ మోడ్‌లో ఫ్లాష్ ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి తనే పడుతుంది. చాలామంది రేటూ రేంజూ చూసి తేల్చుకుంటారు. నేను చూసేది వేరు. శారీ ఫంక్షన్‌లో అమ్మాయి కుర్చీలో కూర్చుంది, చుట్టాలంతా వెనక నిలబడ్డారు, ఫ్లాష్ పడట్లేదు. తప్పు ఎక్కడుందో ఎంత తొందరగా దొరుకుతుంది? నా మటుకు అసలు లెక్క అదే.

ఆ లెక్కన రేడియో ట్రిగ్గరే మేలు. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. ఫ్లాష్ పడితే రేడియో లింకు బాగున్నట్టే, ఇక చూడాల్సింది కెమెరా వైపు: ట్రిగ్గర్ హాట్ షూలో (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి) చివరిదాకా దిగిందా, బిగించిన చక్రం వదులైందా, కాంటాక్టులకు (సిగ్నల్ అందించే లోహపు చుక్కలు) చెమట, మురికి పట్టాయా, సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందా (చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో అది ఉంటే ఫ్లాష్ పడదు). టెస్ట్‌కు కూడా పడకపోతే ఛానల్, గ్రూపు, ఐడీ సెట్టింగులు ట్రిగ్గర్లో, ఫ్లాష్‌లో ఒకటేనా, ఫ్లాష్ స్లీప్‌లోకి పోయిందా, సెల్స్ దిగిపోయాయా చూడాలి. స్టాండ్ పక్కనే ఉన్నా మధ్యమధ్యలో మిస్ అవుతుంటే, గోడాక్స్ ట్రిగ్గర్లలో దూరం సెట్టింగ్ ఉంటుంది, 1–100 మీటర్ల నుంచి 0–30కి మార్చండి.

టెస్ట్‌కు పడి షట్టర్‌కు పడని కేసుల్లో ఇంకో సంగతి ఉంది, దీనికే మనవాళ్లు ఎక్కువ టెన్షన్ పడతారు. మామూలుగా హాట్ షూ మధ్యలో ఒక పెద్ద కాంటాక్టు ఉంటుంది, చవక మాన్యువల్ ట్రిగ్గర్లు పనిచేసేది దాంతోనే. కేనన్ 3000డి, 200డి మార్క్ 2 లాంటి కొన్ని మోడళ్లలో ఆ కాంటాక్టే లేదు. ఎన్నిసార్లు తుడిచినా, సెల్స్ మార్చినా ఫ్లాష్ పడదు. వీటికి కేనన్ కోసమే చేసిన టీటీఎల్ ట్రిగ్గర్ (వెలుగు ఎంత కావాలో కెమెరానే కొలిచి ఫ్లాష్‌కు చెప్పే రకం) కావాలి, అదీ ఆ మోడల్‌కు సపోర్ట్ ఉన్న ఫర్మ్‌వేర్‌తో (ట్రిగ్గర్ లోపలి సాఫ్ట్‌వేర్). వైరు కొంటే అయిపోతుంది కదా అనుకోకండి, ఈ కెమెరాలకు సింక్ పోర్టు ఉండదు, షూలో అడాప్టర్ పెట్టి వైరు తగిలించినా అదీ ఆ మధ్య కాంటాక్టునే అడుగుతుంది.

అలాగని వైరును తీసిపారేయను. సెల్స్ అక్కర్లేదు, ఛానల్ గొడవ లేదు, ఇంట్లో ఒక లైటుతో కూర్చోబెట్టి తీసే ఫొటోలకు హాయిగా సరిపోతుంది. దాని జబ్బు కంటికి కనపడదు, అదే నాకు నచ్చనిది. జాక్ దగ్గర వంగేచోట లోపల తీగ తెగుతుంది, పైన రబ్బరు బాగానే ఉంటుంది, ఓ ఫొటోకు పడుతుంది, ఓ ఫొటోకు పడదు. మల్టీమీటర్ ఉంటే కంటిన్యుటీ మోడ్‌లో పెట్టి, ఆ వంపును అటూ ఇటూ కదుపుతూ బీప్ ఆగుతుందేమో చూడండి. ఫంక్షన్ హాల్లోనైతే పిల్లలు వైరు తట్టుకుని స్టాండును తమ మీద పడేసుకుంటారు, అక్కడ వద్దే వద్దు.

స్లేవ్‌కు ఖర్చు లేదు. కాకపోతే భద్రకాళి చెరువు కట్ట మీద మిట్టమధ్యాహ్నం ఎండలో దాన్ని నమ్మలేం, హాల్లో అయితే పక్కవాళ్ల ఫ్లాష్‌కు మన లైటు కొట్టేసుకుంటుంది, మన ఫొటో టైముకు ఇంకా చార్జ్ అవుతూ ఉంటుంది. పైన చెప్పిన కేనన్లలో మాత్రం పాపప్ ఫ్లాష్‌తో గదిలో పని నడుస్తుంది, ప్రీఫ్లాష్‌కే (అసలు ఫ్లాష్‌కు ముందు వెలుగు కొలవడానికి పడే చిన్న మెరుపు) పడిపోకుండా స్లేవ్ మోడ్‌లో ఎస్1 కాదు, ఎస్2 పెట్టండి.

టీవీ రిమోట్‌లా కంటికి కనపడని వెలుగుతో పనిచేసే ఇన్‌ఫ్రారెడ్ ట్రిగ్గర్లా? ఇప్పుడు కొత్తగా కొనొద్దు.

ట్రిగ్గర్ కొనడానికి వెళ్తే మీ కెమెరా, మీ ఫ్లాష్ రెండూ షాపుకు పట్టుకెళ్లండి. షాపువాళ్లు టెస్ట్ బటన్ నొక్కి చూపిస్తారు, మీరు షట్టర్ నొక్కి, ఫొటోలో వెలుగు పడిందో లేదో చూశాకే డబ్బులివ్వండి.