విశాఖ బీచ్ రోడ్డు: పదిహేను వందలు ఎక్కువిచ్చినా కనిపించని సముద్రం

విశాఖపట్నంలో ఆర్.కె. బీచ్ దగ్గర గది వెతుక్కునేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. ‘సీ వ్యూ’ అన్న పేరు చూసి ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. హనుమకొండ నుంచి నేను, మావారు, అత్తయ్యగారు, పదో తరగతి పరీక్షలు ముగించుకున్న మా అమ్మాయి కలిసి వెళ్ళాము. బీచ్ రోడ్డు వెనక వీధిలోని ఒక హోటల్లో మామూలు గది 3,100 రూపాయలు, సముద్రం కనిపించే గది 4,600 రూపాయలు అన్నారు. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో ఇసుకలోకి దిగలేరు కాబట్టి గదిలో కూర్చునే అలలు చూస్తారని మావారు ఖరీదైనదే తీసుకున్నారు. తీరా కిటికీ తెర తొలగిస్తే పక్క అపార్టుమెంటు డాబా, దాని మీద నల్లటి నీళ్ల ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు దర్శనమిచ్చాయి.

మేనేజరును పిలిస్తే ఏ మాత్రం తొణకకుండా, “బాల్కనీ చివర నిలబడి ఎడమపక్కకి వంగి చూడండి మేడమ్, కనిపిస్తుంది” అన్నాడు. వంగితే రెండు గోడల సందులో జానెడు నీలం కనిపించిన మాట నిజమే. “ఈ వయసులో నన్ను బాల్కనీలోంచి వేలాడమంటావా నాయనా?” అని అత్తయ్యగారు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మామూలు గదికి మారవచ్చు గానీ తేడా సొమ్ము తిరిగి ఇవ్వడం కుదరదన్నాడు. పైగా అమ్మాయి కోసం నేల మీద పరుపు వేసినందుకు 700 రూపాయలు బిల్లులో కలిపారు. మావారు మరునాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

అదే సముద్రం రోడ్డు దాటితే ఉచితం. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపి, నడిచేవారికి వదిలేస్తారు. అత్తయ్యగారు గట్టు మీద హాయిగా కూర్చుని, రేవులోకి పిలుపు కోసం దూరంగా లంగరు వేసుకున్న ఓడలను, దక్షిణాన నీళ్లలోకి పొడుచుకు వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండను చూస్తూ కూర్చున్నారు. ఆర్.కె. బీచ్ చూడటానికే గానీ స్నానానికి కాదు. ఇక్కడి లోపలి ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి కనుక, పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి.

ఈ రోజంతటిలో ప్రతి పైసాకూ విలువ దక్కింది ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామిలో. సోమవారం సెలవు, మేము వెళ్లిన రోజున మధ్యాహ్నం రెండింటికి తెరిచారు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన ఈ జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియంగా మార్చారు. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవలసిందే. నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, టార్పెడోల పక్కనే నావికులు పడుకునే అరలను చూపిస్తూ, మంచినీళ్లను పొదుపుగా వాడాలి గనుక రోజుల తరబడి స్నానాలు ఉండేవి కావని చెబుతుంటే, గదిలో గీజరు పనిచేయలేదని పొద్దున్నుంచీ సణుగుతున్న మా అమ్మాయి నోరు మూసుకుంది. మావారు కూడా అక్కడే మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టి, ఆయనను ప్రశ్నలతో ముంచెత్తారు. గుండ్రటి ఇరుకు ద్వారాల్లో కాలు ఎత్తి, నడుం వంచి దూరాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు బయటే ఆగడం మేలు. అత్తయ్యగారు దగ్గరలోని కాళీమాత గుడిలో కూర్చున్నారు.

రోడ్డుకు అవతల టి.యు.-142 నౌకాదళ గస్తీ విమానం, కొంచెం పక్కన 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్తూపం ఉన్నాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి ఎదురుగానే అని తెలిసి చూస్తే ఆ స్తూపం ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది. విశాఖ మ్యూజియం బాగుంది. కైలాసగిరికి ఆటో 180 రూపాయలు తీసుకుంది, రోప్‌వే ఎక్కాము, శివపార్వతుల ముందు ఫొటోలు అయ్యాయి.

తిండి విషయంలో నా అభిప్రాయం స్పష్టం: సముద్రానికి ఎదురుగా ఉన్న ఏసీ హోటళ్లను వదిలేయండి. మధ్యాహ్నం ఒక చోట నలుగురి భోజనానికి 1,640 రూపాయలు చెల్లించి చల్లారిన పప్పు తిన్నాము. సాయంత్రం బండి దగ్గర 40 రూపాయలకు పొట్లం కట్టిచ్చిన మురీ (మరమరాల) మిక్స్చర్, ఉల్లిపాయలూ నిమ్మరసమూ దండిగా పడటం వల్ల, ఆ పప్పు రుచిని నాలుక మీది నుంచి కడిగేసింది. కారం తినని అత్తయ్యగారు కూడా రెండో పొట్లం అడిగారు.

ఇంకో పూట మిగిలితే కారు మాట్లాడుకోకండి. డ్రైవర్లు భీమిలికి 2,000 అడిగారు. 900కె సిటీ బస్సు అక్కడికే వెళుతుంది. ఋషికొండ దాటాక సముద్రం పక్కనే వస్తుంది కాబట్టి, వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి.