బీజీ-2 పత్తి ప్యాకెట్: పచ్చపురుగుకు సరే, గులాబీ పురుగుకు నమ్మొద్దు

బీజీ-2 (బోల్‌గార్డ్-2) అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా బ్యాక్టీరియా జన్యువులు చేర్చిన బీటీ పత్తి. ఈ విత్తన ప్యాకెట్‌కు 2025-26కి కేంద్రం ఖరారు చేసిన గరిష్ట ధర 901 రూపాయలు, బరువు 475 గ్రాములు. కంపెనీ ఏదైనా లోపలి సరుకు ఒకటే: క్రై1ఏసీ, క్రై2ఏబీ అనే రెండు విష ప్రోటీన్లున్న హైబ్రిడ్ విత్తనం, అందులో కలిపిన 5–10 శాతం నాన్-బీటీ (ఆ విషం లేని) విత్తనం. శనగపచ్చ పురుగుకూ మచ్చల పురుగుకూ ఇది ఇంకా పెట్టిన డబ్బుకు తగినట్టే పనిచేస్తోంది. గులాబీ రంగు పురుగుకు మాత్రం దీని పని అయిపోయింది.

క్రై1ఏసీ ఒక్కటే ఉన్న బీజీ-1 మన దేశానికి 2002లో వచ్చింది. 2010కల్లా గుజరాత్‌లో గులాబీ పురుగు దాన్ని తట్టుకుంది. 2006లో వచ్చిన బీజీ-2ను 2015 నాటికి దాటేసింది. అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచీ బీటీ పత్తి వేశారు, అక్కడా ఇదే పురుగు. అయినా పొలంలో నిరోధకత రాలేదు. 2006 నుంచి సంతానం కలగని గొడ్డు రెక్కల పురుగులను కూడా వదిలి, 2018లో పత్తి పొలాల్లో దాన్ని నిర్మూలించామని ప్రకటించారు.

తేడా ఎక్కడంటే నాన్-బీటీ మొక్కల దగ్గర. నిరోధక జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పురుగు విషాన్ని గట్టిగా తట్టుకుంటుంది. నాన్-బీటీ కాయల్లో పెరిగిన మామూలు రెక్కల పురుగుతో అది జతకడితే, పుట్టే పిల్లలు బీటీ కాయ తిని చస్తాయి. అరిజోనా రైతులు నాన్-బీటీ నియమం పాటించారు. మన దేశంలో నాన్-బీటీ విత్తనం 120 గ్రాముల విడి ప్యాకెట్‌గా ఇచ్చి, చుట్టూ ఐదు వరుసలు లేదా 20 శాతం విస్తీర్ణం, ఏది ఎక్కువైతే అది వేయమన్నారు. చాలాచోట్ల ఆ ప్యాకెట్ గట్టు మీదే ఉండిపోయింది. ఇప్పుడు కలిపి ఇవ్వడం మంచి మార్పే. గులాబీ పురుగు ఒక్క కాయలోనే పెరుగుతుంది కాబట్టి కలిపిన విత్తనం దీనికి బాగా నప్పుతుంది. కానీ నిరోధకత అరుదుగా ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇది, ఆలస్యంగా వచ్చింది.

హైబ్రిడ్‌లో ఇంకో తిరకాసు ఉంది. మొక్కలో ఈ రెండు విష జన్యువులూ ఒక్కో కాపీయే ఉంటాయి. అందుకని కాయలోని గింజల్లో సగటున 16కి 9 రెండు విషాలతో, 6 ఒక్కదానితో, 1 ఏ విషమూ లేకుండా తయారవుతాయి. గులాబీ పురుగు తినేది ఆ గింజల్నే. అరకొర విషం దొరికితే సగం నిరోధకత ఉన్న పురుగు కూడా బతికి బట్టకడుతుంది. పైగా శనగపచ్చ పురుగుకు శనగ, కంది, టమాటా ఉన్నాయి. గులాబీ పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది, విషం లేని చోటు దానికి వేరే లేదు. చైనా యాంగ్జీ లోయలో రైతులు హైబ్రిడ్ రెండో తరం విత్తనం వేశారు. పావు వంతు మొక్కల్లో అసలు విషం లేక, అవే నాన్-బీటీ మొక్కల్లా పనిచేయడంతో అక్కడ పురుగు మళ్లీ బీటీకి లొంగింది.

కొనేవాళ్లు చేయాల్సింది: 150–160 రోజుల్లో ముగిసే రకమే ఎంచుకోండి. పంట ఫిబ్రవరి దాకా సాగితే పురుగుకు అదనంగా తరాలు దక్కుతాయి. 45వ రోజు నుంచి ఎకరానికి రెండు లింగాకర్షక బుట్టలు పెట్టండి. వరసగా మూడు రాత్రులు, రాత్రికి బుట్టకు 8 పురుగులు పడినా, నూరు పూలలో పది గుడ్డి పూలు (రేకులు విచ్చుకోనివి) ఉన్నా, ఇరవై పచ్చికాయలు కోసి చూస్తే రెండింట్లో పురుగున్నా మందు కొట్టాలి. మొదట ప్రొఫెనోఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. తర్వాతి పిచికారీకి మందు తరగతి మార్చండి, లేకపోతే ఆ మందుకూ ఇదే గతి. పైరిత్రాయిడ్ తరగతి మందులు తొందరపడి కొడితే తెల్లదోమ విరుచుకుపడుతుంది. డిసెంబరు చివరికి పత్తి కట్టె పీకేసి, రాలిన కాయల్ని పశువులతో మేపించండి.

బీజీ-3 పేరుతో బిల్లు లేకుండా అమ్మే గడ్డిమందు తట్టుకునే విత్తనానికి అనుమతి లేదు. గడ్డిమందును తట్టుకునే ఆ గుణం గులాబీ పురుగును ఏమీ చేయదు. నాన్-బీటీ కలిపారో లేదో చెప్పే లేబులూ దాని మీద ఉండదు.