చెరువు పైనున్న కొండకు ఏది మేలు: మొక్కలు నాటడమా, కాపలా కాయడమా?

చెరువుకు ఎగువనున్న కొండ బోడిగా మారితే ఏమవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. వాన పడగానే ఎర్రనీళ్లు మట్టితో సహా దూకి వస్తాయి, చెరువు పూడిపోతుంది, ఎండాకాలం రాకముందే బావులు అడుగంటుతాయి. అప్పుడు ఊరి ముందున్న దారులు రెండు. కొండ మీద మొక్కలు నాటడం ఒకటి. మేత, గొడ్డలి, నిప్పు తగలకుండా కాపాడి, అడవిని దానంతటదే లేవనివ్వడం రెండోది. నేను రెండోదాని వైపు.

నాటడంలో సుఖం ఉంది, కాదనను. ఉపాధి హామీలో నాలుగు రోజుల కూలి దొరుకుతుంది, పని కంటికి కనిపిస్తుంది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. తర్వాత 2018 పంచాయతీరాజ్ చట్టంతో నాటినవాటిలో 85 శాతం బతికించే బాధ్యత పంచాయతీల మీద పడింది. రోడ్డు పక్క మొక్కకైతే ట్యాంకర్ వెళ్తుంది. ఏప్రిల్‌లో కొండ మీదికి నీళ్లు ఎవరు మోస్తారు?

ఏం నాటుతున్నామన్నది ఇంకా పెద్ద సంగతి. త్వరగా పెరుగుతుందని జామాయిల్ పెడితే, నీటి కోసం చేసిన పనే నీటిని తాగేస్తుంది. దక్షిణాఫ్రికాలో వాగుల ఎగువన పాతుకుపోయిన విదేశీ చెట్లను నరికించడానికే 1995లో ప్రభుత్వం ఒక పథకం పెట్టాల్సి వచ్చింది.

ఇక రెండో దారి. నరికేసిన కొండ మీద కూడా తునికి, చిరుమాను, టేకు మొదళ్లు చాలాకాలం బతికే ఉంటాయి. ఏటా చిగురిస్తాయి, ఏటా మేకలు కొరికేస్తాయి. కొన్నేళ్లు ఆపితే చాలు, నేలలో ముందే దిగి ఉన్న వేళ్ల బలంతో నర్సరీ మొక్క కంటే వేగంగా లేస్తాయి. అంతకుముందే గడ్డి కమ్ముకుని మట్టిని పట్టుకుంటుంది. చెరువుకు మొదట కావాల్సింది ఆ గడ్డే.

అనంతపురం ప్రాంతంలోని కల్పవల్లి అడవి ఇలా లేచిందే. 1990ల మొదట్లో ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి బోడికొండలకు కాపలా పెట్టారు, వేసవిలో నిప్పు పాకకుండా అడ్డంగా గడ్డి కోసి ఖాళీ పట్టీలు తీశారు. వానలు తక్కువ పడే ఆ నేలలో వేల ఎకరాల్లో గడ్డి, ఈత, అడవిచెట్లు తిరిగొచ్చాయి.

అయితే కాపలా ఖర్చు అందరి మీదా సమానంగా పడదు. ఆయకట్టు రైతుకు నీళ్లొస్తాయి, మేకల కాపరికి దారి మూసుకుపోతుంది. అతన్ని కూర్చోబెట్టి మాట్లాడకుండా కంచె వేస్తే అది ఒక వేసవి కూడా నిలవదు. కొండను ముక్కలు చేసి వంతులవారీగా తెరవడం, గడ్డి కోసుకెళ్లనివ్వడం లాంటివి ముందే ఒప్పుకోవాలి.

నాటక తప్పని చోట్లూ ఉన్నాయి. క్వారీ తవ్వి వదిలేసిన నేల, ఏళ్ల తరబడి దున్నడంతో మొదళ్లే మిగలని చోటు, కోసుకుపోతున్న వాగు గట్టు. గట్టుకైతే కానుగ, నేరేడు, తెల్లమద్ది పెట్టొచ్చు. మిగతా కొండ సంగతి రెండు వానల తర్వాత ఎక్కి చూస్తే తెలిసిపోతుంది: మొదళ్ల దగ్గర చిగుళ్లుంటే గుంతలు తవ్వే పనిలేదు.

ఏ దారి పట్టినా ముందు భూమి ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. కల్పవల్లి కొండలు రికార్డుల్లో బంజరు కావడంతో వాటి మీదికే గాలిమరలు, వాటి కోసం రోడ్లు వచ్చాయి. అటవీ భూమైతే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు అడగొచ్చు. పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం ఆ చట్టంలోని 5వ సెక్షన్ హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. అటవీశాఖ ఊళ్లతో కలిసి నడిపే వన సంరక్షణ సమితుల్లో ఆఖరి మాట ఆ శాఖదే, ఈ చట్టం కిందైతే ఊరిది. రెవెన్యూ బంజరుకు ఆ ధీమా లేదు, అక్కడ పంచాయతీ తీర్మానంతో మొదలుపెట్టి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే.