పుస్తకావిష్కరణ సభకు వీల్‌చైర్‌లో: నెల్లూరు, కావలి, ఒంగోలు

ఆహ్వానపత్రంలో సాయంత్రం 6 గంటలని వేస్తే, ఆరున్నర దాటాకే మైకు సర్దడం మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు వక్తలు, ఆఖర్న రచయిత. ఆయన నాలుగు పేజీలు చదివి కూర్చునేసరికి తొమ్మిది. అప్పుడు జనమంతా వేదిక మీదికి ఎగబడతారు. సంతకాలూ సెల్ఫీలూ అక్కడే. వీల్‌చైర్‌లో వచ్చిన పాఠకులకు ఆ చివరి అరగంట దక్కదు. అందుకని సంతకం సభకు ముందే, హాల్లో కిందనే తీసుకోవాలి. రైలు, బస, ఆటో అన్నీ ఆ లెక్క ప్రకారమే చూసుకోవాలి.

వారం ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి ర్యాంపు ఉందా అంటే, ‘‘ఏం పర్లేదు సార్, మా కుర్రోళ్లు ఎత్తేస్తారు’’ అంటారు. ప్రేమగానే అంటారు గానీ అది జవాబు కాదు. గేటు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు, ఒక్కో మెట్టు ఎత్తెంత, తలుపు ఎన్ని అంగుళాలు తెరుచుకుంటుంది అని అడగాలి. టేపు ఆనించి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమంటే ఇంకా మంచిది. మన దగ్గర దొరికే మామూలు మడత వీల్‌చైర్ వెడల్పు 62 నుంచి 66 సెం.మీ. ఉంటుంది, తోసే చేతులకు అటూ ఇటూ ఇంకొంచెం చోటు కావాలి. రెండు రెక్కల తలుపులో ఒకటే తీసి ఉంచితే ఇరుక్కుంటుంది. రెండో రెక్క గడియ తీయించే మనిషి ఆ సాయంత్రం ఎక్కడుంటాడో ముందే తెలుసుకోండి.

ర్యాంపు వాలు ప్రమాణం 1:12. అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. రెండు చెక్కలు వాలుగా వేసి ర్యాంపు అంటే ఒప్పుకోకండి, చక్రం పక్కకు జారితే కుర్చీ తిరగబడుతుంది. వేదిక మూడడుగుల ఎత్తుంటే 36 అడుగులు కావాలి, ఏ హాల్లోనూ అంత చోటుండదు. రచయిత కిందికి దిగి రావడమే దారి. ముందుగా చెబితే కాదనే రచయితలు తక్కువ. ఈ సంగతి చివరి నిమిషంలో వ్యాఖ్యాత చెవిన వేశారో, మైకులో మీ పేరు చదివి చప్పట్లు కొట్టించి మీకూ ఒక శాలువా కప్పుతారు. అది తప్పించుకోవాలన్నా ముందే చెప్పుకోవాలి.

మెట్లు తప్పవంటే ఇద్దరు చాలు. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద ఒక్కో మెట్టే లాగాలి. వెనక మనిషి తోసే పిడులు, ముందు మనిషి ఫ్రేము గొట్టం పట్టుకోవాలి. చేతి ఆసరాలు, పాదాల పలకలు పట్టుకుంటే ఊడి చేతికొస్తాయి. నలుగురు నాలుగు మూలలా పట్టుకుని పల్లకీలా లేపడమే అన్నిటికన్నా ప్రమాదం. బ్యాటరీ కుర్చీ అయితే ఎత్తే ఆలోచనే వద్దు.

నెల్లూరులో సాహిత్య సభ అంటే మొదట గుర్తొచ్చేది టౌన్‌హాలు, అదే రేబాల వారి పురమందిరం. కావలిలో జవహర్ భారతి కాలేజీ పేరు వినబడుతుంది. పేరున్న హాలైనా సరే, ఆ వారం అక్కడ కుర్చీలు ఎలా వేస్తున్నారన్నదే ముఖ్యం. హాళ్లలో మా ఓటు కల్యాణ మండపానికి. సాహిత్య వాతావరణం అంతగా ఉండకపోవచ్చు, కానీ గుమ్మాలు వెడల్పు, పెళ్లికూతురి గదికి ఆనుకుని బాత్రూముంటుంది, అందులో చాలాచోట్ల వెస్టర్న్ కమోడ్ కూడా ఉంటుంది. దాని తాళం మేనేజరు దగ్గరుంటుంది, వచ్చిన వెంటనే తీయించుకోండి. హోటల్ కాన్ఫరెన్స్ హాలు రెండోది. కాలేజీ ఆడిటోరియం పై అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే వదిలేయడమే మేలు.

హాల్లో మొదటి వరుస సోఫాలు అతిథులవి. వాటి వెనక, నడవ వైపు చివర రెండు ప్లాస్టిక్ కుర్చీలు తీయిస్తే చోటు సరిపోతుంది. మరీ మధ్యకు వెళ్తే వీడియో తీసేవాళ్ల వీపులే కనిపిస్తాయి. మైకు వైర్లు నడవకు అడ్డంగా పడుంటాయి, ముందున్న చిన్న చక్రాలు వాటికి తగిలి ఆగితే మనిషి ముందుకు తూలుతాడు. వైర్లకు టేపు వేయించండి, లేదా వెనక్కి తిరిగి పెద్ద చక్రాలతో ముందు దాటండి. వెన్నెముక గాయమున్నవాళ్లు అరగంట లోపే ఒకసారి ఒంటి బరువు మార్చుకోవాలి. మూడు గంటల సభలో అది మరిచిపోవడం తేలిక, ఫోన్‌లో వైబ్రేషన్ అలారం పెట్టుకోండి. బాత్రూము దొరకదని మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేసేవాళ్లున్నారు. నెల్లూరు ఎండకు అది మూత్రంలో ఇన్ఫెక్షన్‌ను పిలిచి తెచ్చుకోవడమే. దానికన్నా హాలుకు పది నిమిషాల దూరంలో గది తీసుకోవడం నయం.

గది దగ్గర అందరూ బాత్రూము గుమ్మం చూస్తారు, లిఫ్టు మరిచిపోతారు. నలుగురు పట్టే లిఫ్టు లోతు సాధారణంగా 70 సెం.మీ., తలుపూ అంతే. పాదాల పలకలతో కలిపి కుర్చీ పొడవు మీటరు పైనే కాబట్టి అందులో పట్టదు. ఆరుగురి లిఫ్టులో పలకలు ఊడదీస్తే పట్టొచ్చు. ఎనిమిది మంది లిఫ్టయితేనే నిశ్చింత. ఫోన్‌లో లిఫ్టు ఉందా అని కాక, లోపల ఎంతమంది అని రాసుందో చదివి చెప్పమనండి. హైవే పక్క కొత్త హోటళ్లలో కారు నేలమాళిగలోకి వెళ్లి లిఫ్టు పక్కనే ఆగుతుంది, మెట్ల గొడవ లేదు. ఆ వాలు మీద కుర్చీలో మాత్రం దిగకండి, అది కార్లకు కట్టింది. ఊరి మధ్య లాడ్జీలు హాలుకు దగ్గర, కానీ బాత్రూము గుమ్మం రెండడుగులు మించదు, కింద రెండంగుళాల గట్టు కూడా ఉంటుంది. అక్కడ గుమ్మం దాకా కుర్చీలో వెళ్లి, లోపల వేయించిన ప్లాస్టిక్ కుర్చీలోకి మారడమే. చేతుల్లేని స్టూలు వద్దు, తడి నేల మీద జారుతుంది.

ఒంగోలు నుంచి నెల్లూరుకు సుమారు 120 కిలోమీటర్లు, రైలే సుఖం. రైల్వే ఇచ్చే దివ్యాంగుల కార్డు ఉంటే స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ, తోడు వచ్చేవారికీ అంతే. దివ్యాంగుల పెట్టె ఇంజను వెనకనో రైలు చివరనో ఉంటుంది, అంటే ప్లాట్‌ఫాం లిఫ్టుకు దూరంగా దిగుతారు. రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. రైల్వే నంబరు 139కి ఫోన్ చేసి పెట్టె ఎటువైపో కనుక్కుని, దిగేచోట కూలీని సిద్ధంగా ఉంచుకోవాలి. చెన్నై నుంచి విజయవాడ వైపు నడిచే వందేభారత్ ఒంగోలు, నెల్లూరు రెండుచోట్లా ఆగుతుంది. దాని చివరి పెట్టెల్లో వీల్‌చైర్ నిలిపే చోటుంది. ఆటోలో మడత కుర్చీని వెనక తాడుతో కడతారు. మెత్తనూ, పాదాల పలకలూ మాత్రం ఒళ్లో పెట్టుకోండి, గతుకుల్లో పడిపోయేవి అవే.

ఇక సంతకం. ఐదున్నరకే హాల్లో ఉండాలి. పుస్తకం గుమ్మం దగ్గరి బల్ల మీద కొని, లోపలి శీర్షిక పేజీ తెరిచి, ఎవరి పేరున రాయాలో చీటీ మీద తెలుగులో రాసి అందులో పెట్టండి. నున్నటి కాగితం మీద జెల్ పెన్ను అలుక్కుపోతుంది, బాల్ పెన్ను దగ్గరుంచుకోండి. రచయిత కోసం ఎదురుగా ఒక కుర్చీ వేయిస్తే ఆయన కూర్చుని రాస్తారు, నాలుగు మాటలు ముఖాముఖి సాగుతాయి. నిలబడితే వంగి రాసి వెళ్లిపోతారు. బల్ల కావాలంటే గుడ్డ కప్పనిది అడగండి. గుడ్డ కింద అడ్డపట్టీ ఉంటే మోకాళ్లు తగిలేదాకా తెలియదు.

తిరుగు ఆటోను పోయేటప్పుడే మాట్లాడుకుని, తొమ్మిదిన్నరకు రమ్మనండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడితే నెల్లూరులో మాగుంట లేఅవుట్ దగ్గరి అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి. ఆ రోజుల్లో చుట్టు తిరిగి వెళ్లాల్సిందే, ఆ అదనపు ఛార్జీ కూడా ముందే తేల్చుకోండి.